హీరోని కాదు, పక్కవాణ్ణి చూడండి!

అమెరికాలో న్యూజెర్సీ నుంచి ఓ తెలుగు తమ్ముడు ఉత్తరం రాశాడు. ఉద్యోగంలో చేరి ఏడాదయిందట. చదువుకోసం చేసిన అప్పు ఇంకా తీరలేదట. ‘రౌండర్స్’ సినిమా నాలుగుసార్లు చూశాడట. ఆ రాష్ట్రంలో 2013 నుంచీ ఆన్‌లైన్ పోకర్‌కి చట్టం ఒప్పుకుంటుంది గనక, ఫోన్లో ఆట మొదలెట్టాడు. అన్నిటికంటే చిన్న బల్ల... ఒక సెంటు, రెండు సెంట్ల పందెం. అయినా మూడు నెలల్లో 90 డాలర్లు హారతి కర్పూరం!

‘‘సార్, హీరో ఆడినట్టే ఆడుతున్నాను. ధైర్యంగా పందెం పెంచుతున్నాను. ఎదుటివాడి కళ్ళలోకి చూడ్డం ఒక్కటే కుదరడం లేదు, ఫోను గదా! పోయింది రాబట్టుకోడానికి పాతిక, యాభై సెంట్ల బల్లకి వెళ్ళమంటారా?’’ అని ప్రశ్న.

వద్దు తమ్ముడూ. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకు వద్దో చెప్పాలంటే మాత్రం సినిమా కథలోకి వెళ్ళక తప్పదు. (మనకి అదేగా పని!)

‘రౌండర్స్’ 1998లో వచ్చింది. దర్శకుడు జాన్ డాల్. మాట్ డేమన్ లా చదువుకునే కుర్రాడు. మొదటి సీన్లోనే తన దగ్గరున్న 30 వేల డాలర్లూ పట్టుకెళ్ళి, టెడ్డీ కేజీబీ అనే రష్యన్ ముందు కూర్చుని ఒక్క ఆటలో పోగొట్టుకుంటాడు. అతని చేతిలో ఫుల్‌హౌస్ ఉంది. అంటే మన థియేటర్ ముందు వేలాడే బోర్డు కాదండోయ్, ఒకే అంకె ముక్కలు మూడు, మరో అంకెవి రెండు. తొమ్మిదులు మూడు, ఆసులు రెండు. ఎదుటివాడి దగ్గర ఆసులు మూడు, తొమ్మిదులు రెండు. ఇల్లు ఖాళీ!

తెరమీద పోకర్ అంటే ఎప్పుడూ ఇంతే. 1965లో వచ్చిన ‘సిన్సినాటి కిడ్’లో స్టీవ్ మెక్వీన్ ఫుల్‌హౌస్ పట్టుకుని ఓడిపోతాడు. ముసలి ఆటగాడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ ఒకే రంగులో వరసగా ఐదు ముక్కలు తిప్పుతాడు. 2006 నాటి ‘కాసినో రాయల్’లో అయితే మరీ విడ్డూరం. (ఫ్లెమింగ్ నవలలో ఉన్నది బకారా ఆట. సినిమావాళ్ళు దాన్ని పోకర్ చేశారు.) ఆఖరి ఆటలో నలుగురు మిగిలితే ఒకడికి ఫ్లష్, ఒకడికి ఫుల్‌హౌస్, విలన్‌కి అంతకంటే పెద్ద ఫుల్‌హౌస్, బాండ్ గారికి ఇస్పేటులో నాలుగు నుంచి ఎనిమిది దాకా వరస! లెక్కప్రకారం ఏడు ముక్కల్లో అలాంటి వరస పడాలంటే సుమారు 3,200 సార్లు ఆడితే ఒకసారి. అదీ ప్రతిసారీ చివరిదాకా కూర్చుంటేనే. సినిమాకి రెండున్నర గంటలే టైముంది గనక ఆ 3,200 ఆటల్లో మిగతావన్నీ ఎడిటర్ కత్తెరకి పోయాయి. తమ్ముడి 90 డాలర్లూ పోయింది ఆ కత్తిరించిన ముక్కల్లోనే!

‘రౌండర్స్’లో నాకు నచ్చినవాడు వేరే ఉన్నాడు. పేరు జోయీ నిష్. వేసింది జాన్ టర్టురో. అద్దె, పిల్లల ఖర్చు అన్నీ పేకాటలోనే సంపాదిస్తాడు. పందెం కాయడు, పనికెళ్ళినట్టు వెళ్తాడు. హీరో దివాలా తీస్తే లారీ నడిపే ఉద్యోగం ఇప్పిస్తాడు గాని, తర్వాత అప్పడిగితే ఒక్క డాలరు కూడా విదల్చడు. చూసేటప్పుడు మనకి కోపమొస్తుంది. ఇతని మీద ఎవరూ ఈల వెయ్యరు. కానీ చిన్న బల్ల మీద బతికి బట్టకట్టే ఆట ఇతనిదే.

ఆ ఆట ఏమిటంటారా? ముక్కలు పారెయ్యడం. మన పదమూడు ముక్కల రమ్మీలో బుద్ధిమంతుడు ముక్కలు చూడగానే డ్రాప్ చెప్పి 20తో బయటపడతాడు, ఆశపోతు కూర్చుని 80 ఇచ్చుకుంటాడు. ఇదీ అంతే. చేతికి రెండు ముక్కలు, మధ్యలో విడతలవారీగా ఐదు తెరుస్తారు, ఏడింట్లో మంచివి ఐదు. ఆరుగురి బల్లమీద ఓపికున్నవాడు పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఆ రెండు ముక్కలూ చూసి పారేస్తాడు. ‘‘అలా పారేస్తూ కూర్చుంటే బ్లైండు డబ్బులు పోవా?’’ అంటారు. పోతాయి. ఒక చుట్టుకి, అంటే ఆరు ఆటలకి, మూడు సెంట్లు. తమ్ముడి 90 డాలర్లు ఆ లెక్కన పోవాలంటే 18 వేల ఆటలు ఒక్క ముక్కా ఆడకుండా పారెయ్యాలి! ఎదురు చూసినందుకు పోలేదు నాయనా, చూడలేకపోయినందుకు పోయింది.

జంట ఆసులు 221 ఆటలకోసారి వస్తాయి. ఏదో ఒక జంట 17 ఆటలకోసారి. చేతిలో జంట ఉంటే, మొదటి మూడు ముక్కలు తెరిచినప్పుడు మూడోది కలిసేది ఎనిమిదిన్నరసార్లకి ఒకసారి. ఇవి ఎవరి ధైర్యాన్నీ చూసి మారవు. మరి రంగు కోసం ఇంకో ముక్క కావాల్సినప్పుడు? మధ్యలో 20 సెంట్లున్నాయి, ఎదుటివాడు 10 వేశాడు. నువ్వూ 10 వేస్తే కుప్ప 40. అందులో నీ వంతు పావు గనక నూటికి 25సార్లయినా గెలవాలి. తర్వాతి ముక్క నీ రంగులో పడేది నూటికి 19సార్లు. తర్వాత వాడి దగ్గర ఇంకా గట్టిగా రాబట్టగలనన్న నమ్మకం ఉంటే తప్ప, మూసేసి ముక్కలు పక్కన పెట్టడమే. 10 సెంట్లే గదా అనిపిస్తుంది. నిష్‌కి అలా అనిపించదు.

ఇక భయపెట్టడం, అదే బ్లఫ్! సినిమాల్లో దీనికే చప్పట్లు. కానీ భయపెట్టాలంటే భయపడేవాడు ఉండాలిగా? రెండు సెంట్లకి ఎవడు భయపడతాడు! ‘చూద్దాం పద’ అని వేసేస్తాడు. కాబట్టి చిన్న బల్లమీద మంచి ముక్కలొచ్చినప్పుడు నాటకాలాడకుండా పందెం వెయ్యడం, రానప్పుడు తప్పుకోవడం. చివర మాట్లాడే స్థానంలో ఉంటే కొంచెం ఎక్కువ ఆటలు ఆడొచ్చు. మొదటి రోజు మార్నింగ్ షోకి ఎగబడేవాడికీ, టాక్ విని రెండో వారం వెళ్ళేవాడికీ ఉన్న తేడా అది.

ఇక్కడే సినిమా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. హీరో పదే పదే చూసే టేపు నిజమైనదే, 1988 ప్రపంచ పోటీ ఫైనల్. మొదటి మూడు ముక్కలకే జానీ చాన్‌కి వరస కుదిరింది. ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు. ఎరిక్ సైడెల్ ఉన్నదంతా తోశాడు, ఖతం. మాట్ డేమన్ ఆఖరి ఆటలో అదే ఎత్తు వేస్తాడు, పనిచేస్తుంది. ఎందుకు? ఎదుట కేజీబీలాంటి దూకుడువాడున్నాడు గనక. రెండు సెంట్ల బల్లమీద నువ్వు ఊరుకుంటే వాడూ ఊరుకుంటాడు, కుప్ప పెరగదు. (అన్నట్టు ఆ ఓడిపోయిన సైడెల్ కూడా సామాన్యుడు కాడు సుమండీ. 2010లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. సినిమా ఆయన్ని ఆ ఒక్క ఓటమిలోనే ఉంచేసింది, పాపం.)

ఇంతా చేస్తే ఎంతొస్తుంది? నిజం చెప్తాను, నవ్వకండి. వంద ఆటలకి ఐదు పెద్ద బ్లైండ్లు మిగిలితే బాగా ఆడినట్టు. అంటే 10 సెంట్లు. వెయ్యి ఆటలకి ఒక డాలరు. ఒక్క బల్లమీద గంటకి 70 ఆటలనుకుంటే, ఆ డాలరుకి 14 గంటలు! ఆపైన బల్ల సొంతదారు కుప్పలోంచి సుమారు నూటికి ఐదు కోసుకుంటాడు, థియేటర్ అద్దెలాగ. ఇది డబ్బుకోసం ఆడే బల్ల కాదు. ఓపిక ఉందో లేదో తెలుసుకునే బల్ల. అప్పు తీర్చే దారి అంతకంటే కాదు.

పెద్ద బల్ల సంగతంటావా... రెండు సెంట్ల బల్లకి ఒకసారి కూర్చోవడానికి రెండు డాలర్లు. జాగ్రత్తపరుడు అలాంటివి ముప్పై, నలభై చేతిలో ఉంచుకుంటాడు. యాభై సెంట్ల బల్లకి ఒక్కసారి కూర్చోడానికే 50 డాలర్లు. ముప్పై ఉంచుకోవాలంటే 1,500! అప్పు తీరని జీతంలోంచి అది తెచ్చి, కోపంతో కూర్చుంటే... ‘రౌండర్స్’ మొదటి సీనే మళ్ళీ. హీరోకి పది వేలు అప్పిచ్చే ప్రొఫెసర్ మార్టిన్ లాండో ఉన్నాడు. నీకున్నది మీ నాన్నగారు.

ఇక్కడి పాఠకులకి ఒక మాట. ఇదంతా అక్కడి చట్టం ఒప్పుకున్న చోటి ముచ్చట. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆన్‌లైన్ ఆటలాడ్డాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నన్ను చూపించి ఎవరూ ఫోన్లు తెరవొద్దు. చింతగింజలతో ఆడుకోండి, లెక్కలు అవే.

ఈ జవాబు తమ్ముడికి ముందే పంపాను. పోయినవారం మళ్ళీ రాశాడు. పెద్ద బల్లకి వెళ్ళలేదట. నెలలో రెండు వేల ఆటలాడితే 60 సెంట్లు పోయాయట. ‘‘రాత్రి పదకొండుకి ఫోను పక్కన పెట్టేస్తున్నాను సార్. ఇంతకీ ఆ నిష్ వేషం వేసినాయన ఇంకేమైనా మంచి సినిమాలు చేశాడా?’’ అని అడిగాడు.

చేశాడు తమ్ముడూ. ‘బార్టన్ ఫింక్’ చూడు. 1991లో కేన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే ఇచ్చారు.