ఖోడదు దూరదర్శినులు - రైలుమార్గము

పుణె-నాశిక్ రైలుమార్గమును నారాయణ్‌గావ్ మీదుగా వేసినచో ఖోడదులోని రేడియో దూరదర్శినులకు భంగము కలుగునని శాస్త్రజ్ఞు లభ్యంతరము చెప్పిరి. మార్గము మార్చుచున్నామని 2025లో రైల్వేమంత్రి లోక్‌సభలో తెలిపిరి. ఆకాశమున నేదియో వెదకువారికొరకు రైతులు రైలును వదలుకొనవలెనా? ఇది అడుగదగిన ప్రశ్నయే. అయితే అచట వెదకుచున్నదేమో ముందు తెలియవలయును.

నక్షత్రవీథులు వందలు వేలుగా గుమిగూడిన సమూహములు గలవు. వాని నడుమ మిక్కిలి వేడిగల పలుచని వాయువు నిండియున్నది. ఆ వాయువునందంతట అయస్కాంతక్షేత్రము వ్యాపించియున్నది. కోమా యను సమూహమున దీని బలము భూమి అయస్కాంతబలములో ఇంచుమించు లక్షవవంతు మాత్రమే. కంటి కందని దీనిని రేడియోతరంగములే పట్టియిచ్చును. మహావేగముగల ఎలక్ట్రానులు ఈ క్షేత్రమున చిక్కి చుట్టలు తిరుగుచు రేడియోవెలుగును వెలిగ్రక్కును. 1959లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు దూరదర్శినితో కోమాలో కనుగొన్న మసకవెలుగు ఇట్టిదే. మఱియు సమూహమునకు వెనుకనుండి వచ్చు తరంగములు దానిని దాటునపుడు వాని కంపనదిశ కొంత తిరుగును. తరంగదైర్ఘ్యము రెట్టింపైనచో ఈ తిరుగుడు నాలుగురెట్లగును. దీనిని కొలిచి క్షేత్రబలమును గణింతురు.

పుణెకు ఉత్తరమున 80 కిలోమీటర్ల దూరమున 45 మీటర్ల వ్యాసముగల పళ్లెములు 30 గలవు. గోవింద స్వరూప్‌గారు సన్నని తీగల వలతో, అల్పవ్యయముతో వీనిని నిర్మింపజేసిరి. పెద్ద సమూహములలో ఇంచుమించు మూడింట నొకవంతునకే ఆ మసకవెలుగు గలదనియు, అవి ప్రాయికముగా నొండొంటితో ఢీకొనుచున్నవనియు తేల్చిన పరిశీలన ఇచటనే 2007, 2008లలో వెలువడినది. ఈ వెలుగు దీర్ఘతరంగములందే ప్రబలము. విద్యుత్తు రైళ్ల నిప్పురవ్వలు పుట్టించు రొదయు నా తరంగములనే ముంచివేయును. కావున నిశ్శబ్దము ఇచట విలాసము గాదు, పనిముట్టు.

ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల నిర్జనప్రదేశములలో లేచుచున్న చదరపు కిలోమీటరు దూరదర్శినికి మన ప్రభుత్వము 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అచటి నిశ్శబ్దమునకు ద్రవ్యమిచ్చి ఇచటి నిశ్శబ్దమును చెఱచుట యెట్టి న్యాయము? మార్గము మార్చుటయే యుక్తము. కాని జున్నరు రైతునకు నష్టము కూడదు. నారాయణ్‌గావ్ టొమాటో విపణినుండి క్రొత్తమార్గపు స్టేషనునకు మంచి రహదారియు, సరకు నిలువజేయు శీతల గిడ్డంగియు, మార్గనిర్మాణపు లెక్కలోనే చేర్చి, రైలు నడచుటకు ముందే కట్టవలయును.