వేలానికి ముందు ఒక విచారణ

గృహరుణం కిస్తీ 90 రోజులకు మించి ఆగిపోతే ఆ ఖాతా మొండి బకాయి అవుతుంది. అక్కడి నుంచి 2002 నాటి సర్ఫేసీ చట్టానిదే రాజ్యం. సెక్షన్ 13(2) నోటీసు అడిగేది ఆగిన మూడు నాలుగు కిస్తీలను కాదు, మిగిలిన అప్పు మొత్తాన్ని. గడువు 60 రోజులు. అది దాటితే బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. ఖాళీ చేయించడానికి కలెక్టరో మేజిస్ట్రేటో ఇచ్చే ఉత్తర్వు చాలు. నెల కిస్తీకే తడుముకుంటున్న కుటుంబం రెండు నెలల్లో లక్షలు ఎక్కడి నుంచి తెస్తుందని ఈ క్రమంలో ఎవరూ అడగరు.

ఇలా చిక్కుకున్నవారందరినీ ఎగవేతదారుల కింద జమకట్టడం అన్యాయం. ఉద్యోగం పోతుంది, సంపాదించే మనిషి మంచాన పడతాడు. ఏ తప్పూ జరగకపోయినా వడ్డీ పెరుగుతుంది. గృహరుణాల వడ్డీకి ఆధారమైన రెపో రేటు 2022 మే మొదట్లో 4 శాతం ఉండగా, 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైంది. 20 ఏళ్ల గడువుతో 6.75 శాతానికి తీసుకున్న 30 లక్షల అప్పుకు కిస్తీ సుమారు 22,800 రూపాయలు. వడ్డీ 9.25 శాతానికి చేరితే మొదట్లో నెల వడ్డీయే 23,125 రూపాయలు. పాత కిస్తీ పైసాతో సహా కట్టినా అసలు తగ్గకపోగా పెరుగుతుంది. 2025లో రేట్లు దిగినా, ఈలోగా ఇల్లు పోగొట్టుకున్నవారికి ఒరిగిందేమీ లేదు.

చట్టంలో ఊరట లేకపోలేదు. నోటీసుపై అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. కానీ తీర్పరి ఆ బ్యాంకే. ఆ జవాబు మీద అప్పటికప్పుడు ట్రిబ్యునల్‌కు వెళ్లే వీల్లేదు. స్వాధీనం తర్వాత 45 రోజుల్లో హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ చూసేది బ్యాంకు నిబంధనల ప్రకారం నడిచిందా లేదా అని. కిస్తీ తగ్గిస్తే ఆ ఇల్లు నిలబడేదా అని కాదు. అప్పీలుకు వెళ్లాలంటే బకాయిలో సగం, తగ్గించినా కనీసం పావువంతు ముందే కట్టాలి. తెలుగు రాష్ట్రాలకు ఆ అప్పీలు ట్రిబ్యునల్ ఉన్నది కోల్‌కతాలో.

కిస్తీలు సవరిస్తే సాధారణంగా ఆ ఖాతాను మొండి బకాయిగానే చూపాలి గనుక బ్యాంకులు వెనకాడతాయి. ఈ చిక్కు తీరనిదేమీ కాదు. కోవిడ్ కాలంలో, 2020 ఆగస్టులో, రిజర్వ్ బ్యాంకే ఆ ముద్ర పడకుండా గృహరుణాల గడువును రెండేళ్ల దాకా పొడిగించుకోనిచ్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2008 నుంచి, యజమాని నివసిస్తున్న ఇంటి వేలానికి ముందు రాజీ మార్గం వెతకడానికి ఇరుపక్షాలనూ కోర్టు ఒకచోట కూర్చోబెడుతోంది.

ఇక్కడా స్వాధీనానికి ముందే అలాంటి విచారణ తప్పనిసరి కావాలి. కుటుంబం నివసిస్తున్న ఏకైక ఇంటి విషయంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎదుట, సవరణకు అధికారమున్న బ్యాంకు అధికారి హాజరవ్వాలి. కాదంటే కారణం తెలుగులో రాసివ్వాలి. అది తేలేదాకా స్వాధీనం ఆగాలి. ఉద్దేశపూర్వక ఎగవేతదారులకు ఈ వెసులుబాటు అక్కర్లేదు. సవరించిన కిస్తీలు సక్రమంగా కడుతున్న ఖాతాపై మొండి ముద్ర వేయకుండా రిజర్వ్ బ్యాంకు ఒక్క సర్క్యులర్‌తో ఆపగలదు. విచారణకు మాత్రం పార్లమెంటు సెక్షన్ 13ను సవరించాలి. బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కును 2016 సవరణ వేలం ప్రకటన వెలువడేదాకా మాత్రమే మిగిల్చింది. దాన్ని కూడా మునుపటిలా వేలం రోజు వరకూ పొడిగించాలి.