రంగం పోయిన తాత పేరు ఏ రాయి మీద ఉంది?

సంక్రాంతికి మన ఇళ్లల్లో పెద్దలకు కొత్తబట్టలు పెడతాం. దీపం వెలిగించి ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటాం. ఆ వరసలో ఒక పేరు దగ్గర ముసలమ్మల గొంతు ఆగుతుంది. “మా పెద్దయ్య రంగం ఎల్లిపోనాడు. బాంబులేసిన ఏడు. మరి రానేదు.” అంతే! చచ్చిన తేదీ లేదు, సమాధి లేదు, ఫొటో లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మాలపేటల్లో, రెల్లి వీధుల్లో మేము ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

పంతుళ్లుగా మేము బడిలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతాం. అందులో హిట్లరున్నాడు, చర్చిలున్నాడు. రంగం పోయిన తాత లేడు. ఎందుకు లేడు? ఇదీ మా ప్రశ్న.

మన తాతలు సరదాకి రంగూను పోలేదు. సెంటు భూమి లేక, కంబారితనం భరించలేక, షావుకారు అప్పు తీరక పోయారు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూను రేవులో మూటలు మోసిన వాళ్లలో, వీధులూడ్చి మలం ఎత్తిన వాళ్లలో తెలుగు కూలీలు ఎందరో. ‘కొరంగీలు’ అని అక్కడ వాళ్లను ఎగతాళి చేశారు. 1930 మే నెలలో రేవు పని తగాదాలో తెలుగు కూలీలను వెంటాడి చంపారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులేశాయి. డబ్బున్నవాడు ఓడ టిక్కెట్టు కొనుక్కుని బయటపడ్డాడు. కూలివాడు పోతే రేవు ఆగిపోద్ది, పాకీవాడు పోతే పట్నం కంపు కొడతాది. అందుకని డెక్కు మీద ప్రయాణించే మగ కూలీలు ఓడెక్కకుండా దొరలు ఆంక్షలు పెట్టారు. అంటే ఏమిటి? తుపాకీ లేని మనిషిని కూడా యుద్ధంలో కట్టేసి ఉంచారు! 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కింది. లక్షల మంది కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు చింద్విన్ నది దాటి ఇంఫాలు వైపు. కలరా, మలేరియా, ఆకలి. వేలకు వేలమంది దారిలోనే రాలిపోయారు. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి పెట్టారని ఆనాడే దేశమంతా గగ్గోలెత్తింది. ఊళ్లో రెండు బావులు చూసినవాడికి అడవిలో రెండు దారులు కొత్తా?

తర్వాత అదే కొండల్లో సైన్యం ముందుకు పోవడానికి రోడ్లు కావలసొచ్చాయి. పలుగూ పారా పట్టి ఆ రోడ్లు వేసింది ఎవరు? పయనీరు దళాల వాళ్లు, అస్సాం తేయాకు తోటల కూలీలు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఆ తోటలకు వలసపోయిన కుటుంబాలు ఎన్నో.

“మరి మీవాళ్లు తుపాకీ పట్టలేదు కదా” అంటారు కొందరు పెద్దమనుషులు. పట్టనిస్తే కదా! బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆ మహర్లకే 1892లో సైన్యం తలుపు మూశారు. మొదటి యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహర్ల దళం పెట్టారు, 1921లో తీసేశారు. మద్రాసు పయనీర్లను 1933లో రద్దు చేశారు. మళ్లీ యుద్ధమొచ్చింది, 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు. చమార్ రెజిమెంటును 1946లో ఎత్తేశారు. అవసరమొస్తే ‘రారా’, తీరాక ‘పోరా’. ఇదీ ఊరి కామందు నీతే!

చచ్చాక కూడా ఇదే లెక్క. మొదటి యుద్ధంలో చనిపోయిన వాళ్లకు ఇరాక్‌లో బస్రా దగ్గర స్మారకం కట్టారు. అక్కడ అధికారుల పేర్లు చెక్కారు, మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం అంకె వేసి ఊరుకున్నారు. ఈ స్మారకాలు చూసే కామన్వెల్తు సంస్థ 2021లో తప్పు ఒప్పుకుంది. మొదటి యుద్ధపు మృతుల్లో భారతీయులు, ఆఫ్రికా వాళ్లు సహా 45 వేల నుంచి 54 వేల మందికి సమాన గౌరవం దక్కలేదంది. ఇంకా కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షల మందికి, పేరుతో గుర్తింపే లేదంది. వందేళ్లు పట్టింది తెల్లవాడికి. మనవాళ్లకు ఇంకెన్నేళ్లు?

పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది. రెండు యుద్ధాలకూ పోయిన ఆ ఊరివాళ్లకు స్మారకం కట్టుకున్నారు. మంచిదే, మాకు ఈర్ష్య లేదు. మేమడిగేది ఒకటే. తుపాకీకి రాయి ఉంటే, తట్టకు ఎందుకు లేదు? పారకు ఎందుకు లేదు? చీపురుకు ఎందుకు లేదు?

“అది తెల్లోడి యుద్ధం, దాన్ని పొగడడమెందుకు” అని మనలోనే కొందరు అడుగుతారు. మేము యుద్ధాన్ని పొగడటం లేదు. తెల్లోడికి జై కొట్టమనటం లేదు. ఆకలి తోలుకుపోయిన మనిషిని మనిషిగా లెక్కలో రాయమంటున్నాం. పేరు లేనివాడికి చరిత్ర లేదంటారు. చరిత్ర లేదని చెప్పి రేపు హక్కూ లేదంటారు!

కాబట్టి అన్నలారా, అక్కలారా! ప్రతి పేటలో ఒక నోటుపుస్తకం పెట్టండి. పోయిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ రేవులో ఓడెక్కాడు, ఎవరితో పోయాడు, నడిచొచ్చిందెవరు, రానిదెవరు, అన్నీ రాయండి. ఆ దారిలో బిడ్డల్ని చంకనేసుకుని నడిచిన ఆడవాళ్ల పేర్లు మరిచిపోకండి. పెట్టెలడుగున డిశ్చార్జి కాగితం, పతకం, మనియార్డరు రసీదు ఉంటే పారెయ్యకండి. సిపాయిగా పోయినవాడి పేరు కామన్వెల్తు సంస్థ జాబితాలో ఫోనులోనే వెతకొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కూలీగా పోయినవాడి పేరు అక్కడ దొరక్కపోవచ్చు. అందుకే మన నోటుపుస్తకం కావాలి. ముసలమ్మలు ఉండగానే అడగండి. వాళ్లు పోతే ఆ పేర్లూ పోతాయి.

ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర ఆ పేర్లు గట్టిగా చదువుదాం. కళింగపట్నం రేవులో వాళ్లకో రాయి నిలబెట్టమని ప్రభుత్వాన్ని అడుగుదాం. నిలబెట్టకపోతే మనమే నిలబెడదాం. ఆ కొండల్లో రాళ్లు కొట్టి రోడ్డు వేసినవాళ్ల మనవలం, ఒక్క రాయి నిలబెట్టలేమా?

జై భీమ్!