బియ్యానికి వత్తు పోయింది

మఠంపల్లి పిల్లలకు,

మొన్న బస్సు కోసం నిలబడితే మీలో ఇద్దరి వాదన చెవిన పడింది. వెబ్‌సైటు టెంప్లేటుకు మౌస్‌తో డబ్బాలు లాగి పెట్టే టూలు చాలని ఒకడు, కోడు రాయనివాడు డిజైనరే కాదని ఇంకొకడు. ఈ పేచీ మీరు పుట్టకముందుది. 1990లో టిమ్ బెర్నర్స్-లీ చేసిన మొదటి బ్రౌజరులో పేజీ చూస్తూ అక్కడే దిద్దుకోవచ్చు. 1997లో వచ్చిన డ్రీమ్‌వీవర్‌లో పేజీ ఓ కిటికీలో, దాని కోడు ఇంకో కిటికీలో. రెండూ ఎందుకో నాకు కోదాడలో కొట్టు పెట్టాకగానీ తెలిసిరాలేదు.

నాది డీటీపీ చెయ్యి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టేవాణ్ణి. తెర మీద కనబడిందే కాగితం మీద పడేది, లోపలేముందని ఎవరడిగారు? ఆ తెలుగునే వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషయి కూచుంది. అవి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లు మరి. అంతా యూనికోడులో మళ్లీ కొట్టుకున్నా.

తర్వాత మిర్యాలగూడలో ఓ బియ్యం మిల్లాయనకు సైటు చేశా. ముచ్చటైన టెంప్లేటు ఎంచి, ఇంగ్లీషు హెడ్డింగు తీసి తెలుగు పెట్టా. మర్నాడు పొద్దున్నే ఫోను: "ఏందయ్యా, నా బియ్యానికి వత్తు కోసేసినవ్?" చూస్తే నిజమే, వత్తు కింది భాగం తెగిపోయి ఉంది! కంప్యూటరులో డబ్బా లాగి పెద్దది చేస్తే ఫోనులో మళ్లీ మొదటికే. చివరికి కోడు తెరిచా. అక్షరం 40 పిక్సెళ్లు, లైన్-హైట్ 1, డబ్బా ఎత్తూ 40, పైగా పొంగింది దాచెయ్యమని ఓవర్‌ఫ్లో హిడెన్. కింద వత్తుల్లేని ఇంగ్లీషుకు ఆ కొలత చాలు. ఎత్తు తీసేసి లైన్-హైట్ 1.6 చేశా. దిద్దడానికి నిమిషం, వెతకడానికి ఓ పూట.

అట్లని టూలును తిట్టను. గిరాకీని పక్కన కూచోబెట్టుకుని రంగులు, ఖాళీలు తేల్చాలంటే అదే నయం. కోడు చూపిస్తే ఆయన ఆవులిస్తాడు. తేలాక మాత్రం ఎడిటరులోకి రండి. వీఎస్ కోడ్ 2015 నుంచీ ఉచితమే. నెలనెలా అద్దె గుంజుతూ పేజీలు బయటికి తీసుకుపోనివ్వని టూళ్లకు మాత్రం మన గిరాకీలను కట్టెయ్యకండి, ఉసురు తగుల్తది.

ఆదివారం మా ఇంటికి రండి. మీ టెంప్లేటులో మన దగ్గరి ఊరు ‘మట్టపల్లి’ పేరు హెడ్డింగుగా పెట్టి ఫోనులో తెరిచి తెండి. రెండు వత్తులూ ఉన్నాయో లేదో చూద్దాం.

మీ పెదనాన్న వరసవాడు