కుక్కకి చరిత్ర ఉంది

'పిల్లల్లేరు కదా, అందుకే కుక్కని సాకుతోంది' అంటారు. అబర్దీన్‌లో మా ఇంట్లో ఉన్నది షెట్లండ్ షీప్‌డాగ్. నా మాతృత్వపు లోటు తీర్చడానికి పుట్టిన జాతి కాదది. స్కాట్లండ్‌కి ఉత్తరాన దీవుల్లో, గొర్రెలు చేలో పడకుండా అదిలించిన పనికుక్క. మొరగడం దాని వృత్తి.

ఆ పనిని చరిత్ర గుర్తుపెట్టుకుంది. పేరు మీద కూడా తగవే: కోలీల పెంపకందార్లు ఒప్పుకోక 1914లో 'షెట్లండ్ కోలీ' కాస్తా షెట్లండ్ షీప్‌డాగ్ అయింది. మరి ఆ చేలెవరివి? మగవాళ్లు చేపలవేటకు పోతే సేద్యం, పశువులు, పొయ్యిలోకి పీటుగడ్డల గంపలు అన్నీ ఆడవాళ్లవే. వీపున గంపతో నడుస్తూనే ఊలు అల్లేవారు. దుకాణదారు కూలి డబ్బుగా ఇవ్వడు. టీపొడి, గుడ్డముక్క ఇస్తాడు. 1872లో విచారణ సంఘం ముందు ఆ స్త్రీలే సాక్ష్యం చెప్పారు. కుక్కల పుస్తకాల్లో మాత్రం వాళ్ల జాడ నాకు దొరకలేదు.

ఇక మా ఇల్లు. రెండు పొరల బొచ్చు వారంవారం చర్మందాకా పాయలు తీసి దువ్వాలి. (వేసవిలో గొరిగించమని సలహాలొకటి! ఆ బొచ్చే ఎండకి కాపు.) కొన్ని షెల్టీలకి జన్యులోపం వల్ల ఐవర్‌మెక్టిన్ మోతాదు మించితే మెదడుకి విషం. పరీక్ష చేయించిందీ, డాక్టరుకి ప్రతిసారీ గుర్తుచేసేదీ నేనే. మా ఆయన దాంతో ఆడుకుంటాడు. చూడొచ్చినవాళ్లు 'మీ కుక్క భలే ఉందండీ' అని ఆయనతోనే అంటారు.

కుక్క చేస్తే పని, నేను చేస్తే ప్రేమా? మొన్న ఆదివారం దువ్వెన ఆయన చేతికిచ్చాను. వీపు దువ్వి లేచాడు. చెవుల వెనక చిక్కులు అలాగే ఉన్నాయి.