చిట్టా ఆవర్జాల నుంచి అద్దె సాఫ్ట్‌వేర్‌కు

విజయవాడ: వన్‌టౌన్‌లోని హోల్‌సేల్ దుకాణాల్లో ఒకప్పుడు లెక్కలంటే గుమస్తా, ఎర్ర అట్టల చిట్టా, ఆవర్జా పుస్తకాలే. తర్వాత వాటి స్థానాన్ని మూలనున్న కంప్యూటరు, అందులోని ట్యాలీ ఆక్రమించాయి. ఒకసారి లైసెన్సు కొంటే ఏళ్ల తరబడి నడిచేది. ఇప్పుడు నలుగురైదుగురు పనిచేసే చోటికి కూడా ఏటేటా చందా కట్టి ఇంటర్నెట్‌పై నడుపుకొనే సాఫ్ట్‌వేర్ ప్రవేశిస్తోంది.

ఈ మార్పునకు ప్రధాన కారణం సాంకేతిక మోజు కాదు, పన్ను చట్టం. జీఎస్టీ 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. ఈ-ఇన్వాయిస్ నిబంధనను 2020 అక్టోబరులో రూ.500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలకే విధించారు. ఆ పరిమితి మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టు 1 నాటికి రూ.5 కోట్లకు చేరింది. పెద్ద కంపెనీల తలనొప్పి అనుకున్నది హోల్‌సేల్ వీధికి వచ్చింది. ఆ పరిధిలోని వ్యాపారి మరో వ్యాపారికి ఇచ్చే బిల్లు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై, క్యూఆర్ కోడ్‌తో తిరిగి వస్తేనే చెల్లుబాటవుతుంది.

అంతకంటే చిక్కైనది ఇన్‌పుట్ క్రెడిట్. 2022 జనవరి 1 నుంచి, సరకు అమ్మినవారు తమ రిటర్నులో బిల్లు చూపితేనే కొన్నవారికి క్రెడిట్ దక్కుతోంది. రూ.2 లక్షల సరకుపై 18 శాతం చొప్పున రూ.36 వేల పన్ను చెల్లించినా, అవతలివారు బిల్లు చూపకపోతే ఆ నెలకు ఆ మొత్తాన్ని చేతి నుంచి సర్దుకోవాల్సిందే. అందుకే జీఎస్టీఆర్-2బిని కొనుగోలు పద్దులతో సరిచూడడం గుమస్తాకు ముఖ్యమైన పనిగా మారింది. కొత్త సాఫ్ట్‌వేర్ తేడా ఉన్న బిల్లులను నిమిషాల్లో వేరుచేసి చూపుతుంది. అమ్మినవారికి ఫోన్ చేసి బతిమాలే పని మాత్రం ఇప్పటికీ గుమస్తాదే.

దిద్దితే తెలిసిపోతుంది

పద్దును ఎప్పుడు, ఏ విధంగా మార్చారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు వర్తిస్తోంది. సొంత వ్యాపారాలకు, భాగస్వామ్య సంస్థలకు ఆ నిర్బంధం లేదు. అయినా యజమాని ఊళ్లో లేనప్పుడు ఇది మంచి కాపలా. అయితే నలుగురూ ఒకే పాస్‌వర్డు వాడుకునే దుకాణంలో (అలాంటివే ఎక్కువ) ఆ నమోదు వల్ల ప్రయోజనం శూన్యం.

చందా ఆగితే?

జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలపాటు లెక్కలు భద్రపరచాలి. చందా ఆపినా, కంపెనీ సేవలు నిలిపివేసినా ఆ లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయి? 2025 జులైలో ఐరోపా ఆంక్షల నేపథ్యంలో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాక పునరుద్ధరించారు. వన్‌టౌన్ వ్యాపారికి అంత స్తోమత ఎక్కడిది? ఖాతాలు, బిల్లులను నెలనెలా ఎక్సెల్‌లోకి దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడం పెద్ద పని కాదు. ఆ సదుపాయం తీసుకోబోయే ప్యాకేజీలో ఉందో లేదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.