నెలకు పది సినిమాలు, వారానికి ఒక్క ఆదివారం

దసరాకి మా బావ పూణే నుంచి వచ్చాడు. ఐటీ ఉద్యోగం, ఇంకా పెళ్లి కాలేదు, చేతిలో డబ్బులున్నాయి, సాయంత్రాలు ఖాళీ. భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నప్పుడు తను థియేటర్ పాస్ వాడిన రోజుల గురించి చెప్పాడు. "నెలకు ఏడు వందలు కట్టి పది సినిమాలు చూడొచ్చురా. అంటే సినిమాకి డెబ్బై. మీరేమో ఒక్క టికెట్‌కే మూడు వందలు తగలేస్తారు. మీ దగ్గర కూడా అట్లాంటిది ఉంటే తీసుకో, స్టూడెంట్‌వి కదా."

ఆ రాత్రంతా నా బుర్రలో డెబ్బై అనే అంకె తిరిగింది. డెబ్బై రూపాయలంటే మన కాంటీన్‌లో ఒక ఎగ్ ఫ్రైడ్ రైస్. మమ్మీతో చెబితే, "నెలకు పది సినిమాలు చూసినంక ఇగ చదువుడెప్పుడు?" అని ఒక్క ప్రశ్న వేసి లోపలికి వెళ్లిపోయింది. చర్చ అక్కడితో ముగిసింది. కానీ నాకు ముగియలేదు కాబట్టి ఇది రాస్తున్నా. (తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం నాకిదే మొదటిసారి. వత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతానని మాటిచ్చింది.)

బావ చెప్పింది పీవీఆర్ ఐనాక్స్ వాళ్లు 2023 అక్టోబర్‌లో మొదలుపెట్టిన 'పాస్‌పోర్ట్' గురించి. మొదట పెట్టిన ధర నెలకు 699 రూపాయలు, పది సినిమాలు. కాకపోతే సోమవారం నుంచి గురువారం వరకే చెల్లేది. ఐమాక్స్, గోల్డ్, లగ్జరీ హాళ్లకు చెల్లేది కాదు. ఇలాంటి పాస్‌ల షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ అంకెలు పట్టుకుని ఎవరూ డబ్బులు కట్టేయకండి. నేను అడుగుతున్నది వేరే. ఇలాంటి పథకం మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్లకి నిజంగా గిట్టుబాటు అవుతుందా? అమ్మేవాళ్లకైనా ఎన్నాళ్లు గిట్టుతుంది?

ముందు నా లెక్క. ఫోన్‌లో పాత పేమెంట్లన్నీ వెతికి ఒక షీట్ తయారుచేశా. జూన్ నుంచి నవంబర్ వరకు ఆరు నెలల్లో నేను థియేటర్‌లో చూసినవి 11 సినిమాలు. వాటిలో ఎనిమిది శుక్ర, శని, ఆదివారాల్లోనే చూశా. మిగిలిన మూడింటిలో ఒకటి సంగారెడ్డిలోనే ఒక సింగిల్ స్క్రీన్‌లో చూసింది. అంటే ఆరు నెలల్లో పాస్‌కి పనికొచ్చేవి రెండే రెండు. 699ని ఆరుతో గుణిస్తే 4194. రెండు సినిమాలకు నాలుగు వేలు! బావకి సినిమా డెబ్బై పడింది, నాకైతే రెండు వేలు దాటేది.

"పాస్ ఉంటే ఎక్కువ చూసేవాడివి కదా" అని మీరు అనొచ్చు. నేనూ అదే అనుకున్నా. అందుకే ఒక మంగళవారం సాయంత్రం ల్యాబ్ అయిపోయాక కూకట్‌పల్లి మాల్‌కి వెళ్లి చూశా. కాలేజీ గేటు నుంచి షేర్ ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి 218 బస్సు. బీహెచ్ఈఎల్ దాటేసరికి ట్రాఫిక్ మొదలైంది. మెట్రో మియాపూర్ దాకే ఉంది కాబట్టి మనకి అది సగం దారి సాయమే. హాల్లోకి అడుగుపెట్టేసరికి హీరో ఎంట్రీ అయిపోయింది. వచ్చేటప్పుడు ఇంకా కష్టం, సంగారెడ్డి బస్సు కోసం గంట నిలబడ్డా. ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. మర్నాడు పొద్దున తొమ్మిదికి డీబీఎంఎస్ క్లాసులో నేను ఎలా ఉన్నానో నా పక్కన కూర్చునేవాడిని అడగండి. టికెట్ ఉచితంగా వచ్చినా నెలకు పదిసార్లు ఆ ప్రయాణం నా వల్ల కాదు. మన క్లాసు అమ్మాయిలకి మహాలక్ష్మి వల్ల బస్సు ఛార్జీ లేదు, లెక్క ప్రకారం వాళ్లకి పాస్ ఇంకా లాభం. కానీ హాస్టల్ గేటు మూసే టైమ్ చూస్తే ఆ లెక్కా నిలవదు.

ఇక రెండో వైపు, అమ్మేవాడి లెక్క. ఇక్కడ మూవీపాస్ కథ చెప్పుకోవాల్సిందే. అమెరికాలో 2011లో పెట్టిన ఈ కంపెనీ 2017 ఆగస్టులో ధరని నెలకు 9.95 డాలర్లకి తగ్గించింది. రోజుకో సినిమా చూసుకోవచ్చు. ఆ ఏడాది అక్కడ సగటు టికెట్ ధరే దాదాపు 9 డాలర్లు. అంటే నెలలో రెండో సినిమా చూసినవాడి దగ్గర కంపెనీకి నష్టం మొదలవుతుంది. ఎందుకంటే మూవీపాస్‌కి సొంత థియేటర్లు లేవు. మీరు చూసే ప్రతి సినిమాకి అది థియేటర్‌కి పూర్తి టికెట్ డబ్బు కట్టేది. ఇరవై వేల దగ్గరున్న సభ్యులు ఏడాది తిరక్కుండానే ముప్పై లక్షలు దాటారు. 2018 జులైలో చేతిలో డబ్బు అయిపోయి, ఒక రాత్రి టికెట్లు ఇవ్వలేక ఆగిపోయింది. 2019 సెప్టెంబర్‌లో మూతపడి, 2020 జనవరిలో దివాలా తీసింది.

ఇందులో మన బ్రాంచ్ వాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటుంది. అందరికంటే ఎక్కువ సినిమాలు చూసే 75,000 మంది పాస్‌వర్డ్‌లు పనిచేయకుండా చేసి, "మీ ఖాతాలో అనుమానాస్పద కదలిక" అని సాకు చెప్పారని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2021లో ఆరోపించింది. అంటే నిజాయితీగా వాడుకున్న కస్టమరే వాళ్లకి బగ్ అన్నమాట! రేపు మనలో ఎవరో ఒకరం ఏదో ఆఫీసులో కూర్చుని ఇలాంటి కోడ్ రాయమని ఆర్డర్ అందుకుంటాం. అప్పుడేం చేస్తామన్నది వేరే వ్యాసం.

మన హాస్టల్ మెస్‌ని గుర్తు తెచ్చుకోండి. ఫస్టియర్ అంతా నేను అక్కడే తిన్నా. నెలంతటికీ డబ్బు ముందే కడతాం. శనివారం సగం మంది ఊరికి పోతారు, ఆదివారం రాత్రి మిగిలినవాళ్లు బయట బిర్యానీకి పోతారు, పొద్దున టిఫిన్‌కి లేవనివాళ్లు ఎలాగూ ఉంటారు. తినని ఆ భోజనాల మీదే మెస్ నడుస్తుంది. అందరూ నెలకు తొంభై పూటలూ తింటే కాంట్రాక్టర్ పారిపోతాడు. మూవీపాస్ అంటే అందరూ అన్ని పూటలూ తిన్న మెస్. పైగా బియ్యం పక్క హోటల్లో రిటైల్ రేటుకి కొన్న మెస్.

పీవీఆర్ ఐనాక్స్ పరిస్థితి వేరు. సీట్లు వాళ్లవే. మంగళవారం మ్యాట్నీకి ఎలాగూ ఏసీ నడవాలి, ప్రొజెక్టర్ నడవాలి, ఊడ్చేవాళ్లకి జీతం ఇవ్వాలి. ఖాళీగా పోయే సీట్లో ఒకర్ని కూర్చోబెడితే అదనంగా పోయేది డిస్ట్రిబ్యూటర్ వాటా, పన్ను. వచ్చేవాడు పాప్‌కార్న్ కొంటే అది లాభం. 2023-24లో వాళ్ల సగటు టికెట్ ధర 259 రూపాయలైతే, మనిషి సగటున తిండి మీద పెట్టింది 132 రూపాయలు. టికెట్‌లో సగం వాటా బయటికి పోతుంది కానీ పాప్‌కార్న్‌లో నిర్మాతకి వాటా లేదు. అందుకే వారం మధ్య రోజులు, పది సినిమాల హద్దు, ఖరీదైన హాళ్లు మినహాయింపు. ఇలా కట్టుదిట్టంగా పెట్టుకుంటే ఆ పథకం కూలిపోదని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో యూజీసీ వాళ్ల అపరిమిత కార్డు 2000 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లవీ సొంత హాళ్లే.

కాబట్టి చవక పాస్ అంటేనే మోసం అని నేను అనను. అది ఒక రకం మనిషి కోసం తయారైంది. హాలుకి దగ్గర్లో ఉండేవాడు, వారం మధ్యలో ఖాళీ ఉన్నవాడు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లేవాడు. మా బావ అచ్చం ఇదే. కానీ మనం సినిమాకి అలా వెళ్తామా? నా షీట్‌లోని 11 సినిమాల్లో నేను ఒక్కడినే వెళ్లింది ఆ కూకట్‌పల్లి మంగళవారం ఒక్కటే. మిగతావన్నీ ఫ్రెండ్స్‌తోనో ఇంట్లోవాళ్లతోనో. మా ఇంట్లో నలుగురం నెలకోసారి ఒక సినిమాకి వెళ్తాం. పాస్ ఏమో ఒకే మనిషి పదిసార్లు రమ్మంటుంది. నాకు పాస్ ఉండి, చెల్లికి, మమ్మీకి మూడు వందల చొప్పున టికెట్ కొంటే మిగిలేదేంటి?

ఇక డాడీ సంగతి. డాడీ పాశమైలారం వైపు ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు, వారం వారం మారుతుంది. వీక్లీ ఆఫ్ ఆదివారమే రావాలని లేదు, చాలాసార్లు మంగళ, బుధవారాల్లో వస్తుంది. నిజానికి సోమ-గురు పాస్‌కి మన బెల్టులో సరిపోయేది ఐటీ బావ కాదు, షిఫ్టు పనివాళ్లే. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో అలాంటి వాళ్లు ఎన్ని వేలమంది! బీహార్, ఒడిశా నుంచి వచ్చి ఒక గదిలో ఐదుగురు ఉండేవాళ్లు ఆఫ్ రోజు ఫోన్‌లోనే సినిమా చూసి పడుకుంటున్నారు. వాళ్లకి ఎవరూ పాస్ అమ్మడం లేదు. మాల్ వాళ్ల దారిలో లేదు, యాప్‌లో కట్టే అలవాటు ఉన్నా ఏడు వందలు ఒకేసారి సినిమాకి కట్టరు.

నేను సంగారెడ్డిలో సింగిల్ స్క్రీన్‌కి వెళ్లానన్నా కదా, అది డాడీతోనే. బుధవారం మ్యాట్నీ. బోరుకొట్టి తలలు లెక్కపెట్టా, మాతో కలిపి పద్నాలుగు మంది. ఇంటర్వెల్‌లో సమోసాలమ్మే ఆయన బుట్ట మూతకూడా పూర్తిగా తీయలేదు. డాడీ మాత్రం చిన్నప్పుడు ఇదే హాల్లో నేల టికెట్ కోసం చొక్కా చింపుకున్న కథ మళ్లీ చెప్పాడు. నాకు భయమేసింది. ఇది కూడా ఫంక్షన్ హాల్ అయిపోతే డాడీ ఆఫ్ రోజున మేం ఎక్కడికి పోవాలి? ఊరికే వచ్చిన భయం కాదిది. 2024 మేలో జనం రావట్లేదని తెలంగాణ సింగిల్ స్క్రీన్ల వాళ్లు పది రోజులు ఆటలు ఆపేస్తున్నట్టు ప్రకటించారు.

అందుకే నాకొక ఆలోచన వచ్చింది. పాస్ బదులు కూపన్ బుక్. పది టికెట్లు, 700 రూపాయలు, మూడు నెలల గడువు, సోమ నుంచి గురు. కానీ పేరు మీద కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఒకే రోజు నలుగురు వెళ్లి నాలుగు చింపుకోవచ్చు, గదిలోని ఐదుగురూ డబ్బులు పోగేసి ఒక బుక్ కొనుక్కోవచ్చు. 2021 డిసెంబర్‌లో వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్ టికెట్ పన్ను కాకుండా 50 నుంచి 150 మధ్య ఉండొచ్చు. కాబట్టి డెబ్బైకి అమ్మడానికి అడ్డేమీ లేదు. వంద లోపు టికెట్‌కి జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ నుంచి 5 శాతమే.

సినిమా అయ్యాక మేనేజర్‌గారిని పట్టుకుని ఇదంతా చెప్పా. ఆయన ఓపిగ్గా విని, "మంచిగుంది బాబూ, కానీ హాలు నా చేతిల ఉంటే కదా" అన్నారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. పెద్ద సినిమా వచ్చినప్పుడు మొదటి వారాల్లో డిస్ట్రిబ్యూటర్ థియేటర్‌కి అద్దె కట్టి కలెక్షన్ తను తీసుకుంటాడు. అలాంటప్పుడు ఓనర్ సొంతంగా కూపన్ ఇస్తే తెగిన ప్రతి టికెట్‌కి డిస్ట్రిబ్యూటర్‌కి జవాబు చెప్పుకోవాలి. జనం తగ్గాక వాటాల పద్ధతికి మారతారు, అప్పటికి సినిమా ఓటీటీలోకి వచ్చే రోజు దగ్గరపడుతుంది. 2025 మేలో ఎగ్జిబిటర్లు "మాకు అద్దె వద్దు, వాటా ఇవ్వండి, లేదంటే జూన్ 1 నుంచి మూసేస్తాం" అని ఎందుకు గొడవపడ్డారో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు. వార్తల్లో హీరోల పేర్లే చదివా. మూసివేత జరగలేదు కానీ ఆ అడిగింది న్యాయమైనదే అంటాను. వాటా పద్ధతి వస్తేనే మన ఊరి హాలు వాడు తన మంగళవారాన్ని తనకి తోచిన ధరకి అమ్ముకోగలడు.

"రెండో వారం దాటిన సినిమాలకైనా పెట్టొచ్చు కదా సార్?" అని అడిగా. ఆయన నవ్వి, "బుక్కులు నువ్వు అమ్ముతవా?" అన్నారు. మన క్లబ్ తరఫున వంద బుక్కులు అమ్ముతామని నోరు జారాను. కాబట్టి ఇది చదివిన వాళ్లలో సంగారెడ్డి డే స్కాలర్లు, మీ ఇంట్లో షిఫ్టు డ్యూటీ వాళ్లున్నవాళ్లు, క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి. ముప్పై మంది దాటితే పేర్ల పట్టిక పట్టుకుని మళ్లీ ఆయన దగ్గరికి వెళ్తా. డాడీకి వచ్చే వారం ఆఫ్ గురువారం పడింది, ఆ రోజే.